ఒకే అరుగు, ఆరు ఫోన్లు

పోయిన వేసవిలో మా అత్తగారి ఊళ్లో, రామాలయం అరుగు మీద ఆరుగురు కుర్రాళ్లు క్రికెట్ చూస్తున్నారు. ఎవడి ఫోన్ వాడిది. ఒకడు "సిక్స్!" అని కేకేశాడు. పక్కవాడి తెర మీద బౌలర్ ఇంకా పరుగే మొదలెట్టలేదు. మూడోవాడికి చక్రం తిరుగుతూనే ఉంది. కాసేపటికి ఐదు ఫోన్లు ఆగిపోయాయి. ఆరు తలకాయలూ మిగిలిన ఒక్కదాని మీదికి వంగాయి.

జానెడు దూరంలో ఉన్న ఫోన్లు ఒకే ఆటను ఒకే టవర్ మీదుగా ఆరుసార్లు లాగుతున్నాయి. అరుగు దాకా ఒక్కసారి వస్తే చాలదా, అక్కణ్నుంచి ఒకరికొకరు అందించుకోరా అని అప్పటినుంచీ నాకు ఒకటే బాధ. హాట్‌స్పాట్ ఉందిగా అంటారు. అది పంచేది కనెక్షన్‌నే; ఆటను మాత్రం మళ్లీ ఎవరికి వారు దించుకోవాల్సిందే. 2023 నవంబర్ 19న ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. వాళ్లలో ఎన్ని ఇళ్లవాళ్లు, ఎన్ని హాస్టల్ గదులవాళ్లు పక్కపక్కనే కూర్చుని ఉంటారు!

పంచుకునే పద్ధతి పాతదే. 2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంట్ తెచ్చినప్పుడే ఒక ఫైలును ముక్కలు చేసి, తీసుకునేవాడే ఇంకొకరికి ఇచ్చేలా నడిపించాడు. స్పాటిఫై కూడా 2014 వరకు కంప్యూటర్ల మధ్య పాటలు అలాగే పంచింది. ఫోన్లను మాత్రం ఆ వరుసలో నిలబెట్టలేదు. ఫోన్‌కి నిలకడ లేదు మరి. కాల్ వస్తుంది, ఛార్జింగ్ పడిపోతుంది, పట్టుకున్నవాడు లేచి వెళ్లిపోతాడు. స్లాబ్ వేసేరోజు కాంక్రీటు తట్టలు చేతులు మారుతూ పైకెక్కుతుంటే మధ్యలో ఒక మనిషి తప్పుకున్నట్టే.

దానికీ ఉపాయం ఉంది. గాల్లో పంపిన ముక్కల్లో ఒకడికి 5వది అందలేదు, ఇంకొకడికి 9వది అందలేదు అనుకోండి. రెండూ విడివిడిగా మళ్లీ పంపక్కర్లేదు. 5వ ముక్క విలువ 12, 9వ దాని విలువ 30 అయితే, 42 అని ఒక్కసారి పంపితే సరి. 30 చేతిలో ఉన్నవాడు అది తీసేసి 12 పట్టుకుంటాడు, 12 ఉన్నవాడు 30 పట్టుకుంటాడు. ఒక్క మాటతో ఇద్దరి ఆకలీ తీరింది. నెట్‌వర్క్ కోడింగ్ అనే ఈ ఆలోచనకు 2000లో రుడాల్ఫ్ ఆల్స్వేడె, రేమండ్ యుంగ్ తదితరులు పునాది వేశారు. ఇలా కలిపిన ముక్కలు ఎవరి దగ్గర్నుంచి వచ్చినా ఫర్వాలేదు, సరిపడా చేరితే చాలు. కాబట్టి ఒకడు లేచిపోయినా ఆట ఆగదు. 2012లో ఇర్విన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తోటివారితో కలిసి 'మైక్రోకాస్ట్' పేరుతో ఆండ్రాయిడ్ ఫోన్ల మీద దీన్ని నడిపి చూపించారు. ఒక్కో ఫోన్ తన సిమ్ మీద కొంత వీడియో దించుతుంది, మిగతాది పక్క ఫోన్ల నుంచి వైఫైలో అందుకుంటుంది.

ఇన్నేళ్లయినా అది అరుగు మీదికి రాలేదంటే తప్పు లెక్కలది కాదు. తెర ఆరగానే వెనక నడిచే యాప్‌ను ఫోన్ నిద్రపుచ్చేస్తుంది. ఐఫోన్, ఆండ్రాయిడ్ నేరుగా మాట్లాడుకునే దారిని ఏళ్ల తరబడి ఎవరూ వెయ్యలేదు. ప్రసార సంస్థలకేమో దొంగకాపీల భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ అడ్డు చెప్పడానికి అది చాలదు. తాళం వేసిన పెట్టెలే చేతులు మారనివ్వండి, తాళంచెవి డబ్బు కట్టినవాడికి సర్వరే ఇస్తుంది. ముక్క మధ్యలో మారిందో లేదో సరిచూసుకునే గుర్తు బిట్‌టొరెంట్‌లో మొదటినుంచీ ఉన్నదే.

నేను అడిగేది సెట్టింగుల్లో ఒక్క మీట. నా బ్యాటరీ సగానికి పైన ఉన్నంతసేపు, నేను చూస్తున్నదే చూస్తున్న పక్కవాడికి నా ఫోన్ ఆ ముక్కలు అందించాలి. సగం దాటి కిందికి దిగితే తనంతట తనే మానుకోవాలి. మీట వేయాలో వద్దో నా ఇష్టానికి వదలాలి. ఆ అరుగు మీద కుర్రాళ్లలో కనీసం ముగ్గురు వేసి ఉండేవాళ్లు.