సూపర్‌మాన్ గనిలోకి ఎందుకు దిగాడు?

బొమ్మల కథల పుస్తకం చేతిలో కనబడితే చాలు, పాఠం చదవక ఇదేం పని అని కసురుకునే పెద్దలు చాలామంది. ఉపాధ్యాయుణ్ణే అయినా నేను వారితో ఏకీభవించను. ఒక్కటే షరతు: కథ చదివేముందు అది ఏ సంవత్సరంలో అచ్చయిందో చూడండి.

సూపర్‌మాన్ సంగతే తీసుకుందాం. ఈ పాత్ర 1938లో అమెరికాలో వెలువడింది. సృష్టించినవారు జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు; వలస వచ్చిన యూదు కుటుంబాల బిడ్డలు. అప్పటికి ఆ దేశంలో ఆర్థిక మాంద్యం తీరలేదు, లక్షలాది మందికి పని లేదు. అందుకే తొలినాటి సూపర్‌మాన్ వేరే గ్రహాల రాక్షసులతో కాక, భార్యను కొట్టే మొగుడితోనూ, అవినీతి రాజకీయ నాయకుడితోనూ తలపడ్డాడు. మూడవ సంచికలో ఒక గని యజమాని కథ ఉంది. ప్రమాదంలో కార్మికుడు వికలాంగుడైనా ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. సూపర్‌మాన్ కార్మికుడి వేషంలో వెళ్ళి, విందుకు వచ్చిన అతిథులతో సహా ఆ యజమానిని గనిలోనే చిక్కుకుపోయేట్టు చేస్తాడు. ప్రమాద సూచన పరికరం తుప్పుపట్టి పనిచేయదని పెద్దమనిషికి అప్పుడు తెలుస్తుంది! కథలో ఆయన మనసు ఇట్టే మారిపోతుంది. నిజానికి గనులలో భద్రత అంత సులువుగా రాలేదు; కార్మిక సంఘాలూ, చట్టాలూ కావలసి వచ్చాయి. అయినా పది సెంట్ల పుస్తకంలో ఈ మాట చెప్పడం చిన్న విషయం కాదు.

ఇక 1962. స్పైడర్‌మాన్‌ను కుట్టిన సాలీడు రేడియోధార్మికమైనది. హల్క్ పుట్టింది గామా బాంబు వల్ల. ఇది సైన్సు కాదు సుమా! ఆ కిరణాలు జీవకణాలలోని డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తాయి గాని గోడలు పాకే శక్తినివ్వవు. కాని భయం మాత్రం నిజమైనదే. ఆ రోజుల్లో అణుబాంబులను ఆరుబయటే పరీక్షించేవారు; వాతావరణంలో పరీక్షలను నిషేధించే ఒప్పందం 1963లో గాని కుదరలేదు. 2002 నాటి సినిమాలో ఆ సాలీడే జన్యుమార్పిడి సాలీడుగా మారింది. భయం మారింది, సాలీడూ మారింది!

ఈ కథలు కాలం నాటి దురభిమానాలను కూడా మోశాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలపు సంచికల్లో జపాను వారిని వికృతంగా చిత్రించిన తీరు చూస్తే నేటికీ సిగ్గు కలుగుతుంది.

ఆ మాటకు వస్తే, 1970లో డెన్నిస్ ఓనీల్ రాయగా నీల్ ఆడమ్స్ బొమ్మలు వేసిన గ్రీన్ లాంటర్న్ కథలో ఒక నల్లజాతి వృద్ధుడు వీరుణ్ణి నిలదీస్తాడు: ఎక్కడెక్కడి గ్రహాలలోనో రంగురంగుల చర్మాలవారికి సాయపడ్డావే, మా నల్లవారి కోసం ఏం చేశావు? అంతటి వీరుడూ జవాబు చెప్పలేక తల దించుకుంటాడు.