పసిబిడ్డ చర్మముపై తొలి కాపురము

వానకాలము వచ్చినదన్న మన కోడూరు ప్రాంతమున మూలనున్న చెప్పులకు బూజు పట్టుట అందరమును ఎరుగుదుము. ఆ బూజు శిలీంధ్రజాతిలోనిది. ఆ జాతివే మరికొన్ని సూక్ష్మజీవులు పురిటింటి పసికందు చర్మముపై కాపురము పెట్టునన్నచో తల్లులు ఉలికిపడుదురేమో! అట్లు భయపడవలసిన పనిలేదనియు, ఎరిగి మెలగిన చాలుననియు మా అభిప్రాయము.

ఇవి బిడ్డకు ఎక్కడినుండి వచ్చును? ముఖ్యముగా తల్లినుండియే. కాన్పు సమయమునను, పిమ్మట ఆమె ఒడిలో చేర్చుకొని పాలిచ్చునప్పుడును ఇవి బిడ్డను చేరును. వీనిలో ప్రధానమైనది మలసీజియా. దీనిని 1874లో వర్ణించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మలసే పేరిట దీనికా పేరు వచ్చినది. తనకు వలసిన కొవ్వును ఇది తయారుచేసికొనలేదు. మన చర్మపు జిడ్డే దీనికి ఆహారము. తల్లి హార్మోనుల ప్రభావమున నవజాత శిశువునకు జిడ్డు గ్రంథులు చురుకుగా నుండును. కావున కొద్ది దినములలోనే ఇది అచట స్థిరపడును. కొన్ని నెలలకు ఆ గ్రంథులు అణగి, యౌవనారంభమున మరల మేల్కొనును. మా పై తరగతుల విద్యార్థులు అద్దము ముందు విచారించు మొటిమలకును ఆ గ్రంథులే మూలము!

రెండు మూడు వారముల బిడ్డ బుగ్గలపై చిన్న పొక్కులు కనబడగానే కొందరు దిష్టి తగిలినదందురు; మరికొందరు పథ్యము తప్పినావని బాలింతను నిందింతురు. ఇది అన్యాయము. ఇట్టి పొక్కులు సాధారణముగా వానంతట అవియే మానును. వానికి మలసీజియాతో సంబంధము కలదని పలువురు వైద్యుల తలంపు. అచట మరింత నూనె పట్టించుటయు, సున్నిపిండితో గట్టిగా రుద్దుటయు మేలుచేయవు. పుట్టిన బిడ్డకు ఇరువదినాలుగు గంటలు గడచువరకు స్నానము చేయింపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించినది. లేత చర్మమును తోముట శుభ్రత కాదు.

అయినను నెలలు నిండక పుట్టిన శిశువుల సంగతి వేరు. వారిలో ఇట్టి జీవులు రక్తమున ప్రవేశించి ప్రాణాపాయము కలిగింపగలవు. అమెరికాలోని ఒక ఆసుపత్రి శిశు విభాగమున కుక్కల చర్మముపై నుండు మలసీజియా జాతి వ్యాపించెను. సిబ్బంది పెంపుడు కుక్కలనుండి వారి చేతుల ద్వారా అది శిశువులను చేరియుండునని 1998లో వైద్యులు ప్రకటించిరి. చేతుల శుభ్రత మొదలగు జాగ్రత్తలు తీసికొన్న పిమ్మట ఆ జీవి అచట కనబడలేదు.

కాబట్టి తల్లి స్పర్శకు వెరవనక్కరలేదు. చూడవచ్చిన మన చేతులకే వెరవవలెను. పొలమునుండి వచ్చినవారును, పశువులను తాకినవారును సబ్బుతో చేతులు కడిగికొనకయే బిడ్డను ఎత్తుకొనుట మన యిండ్లలో మానవలసిన అలవాటు. బిడ్డ పాలు త్రాగకున్నను, ఒళ్లు వెచ్చబడినను, నోటిలో పెరుగు అతికినట్లు తెల్లని పూత కనబడినను వెంటనే వైద్యునికి చూపవలెను.

విద్యార్థులారా! మీ అక్క పురిటికి వచ్చినప్పుడు బిడ్డను ముద్దాడుటకు తొందరపడుదురు గదా! ముందు నూతిగట్టుకో, కుళాయికో పోయి చేతులు కడిగికొని రండు. ఇంటి పెద్దలు నవ్వినను సరే, కారణము వినయముతో చెప్పుడు. బడిలో నేర్చిన చదువు ఇంటిలో ఒక పసిప్రాణమునకు అక్కరకు వచ్చుటకంటె మాకు కావలసినదేమున్నది?