బాలింత గడ్డకు తీరికే మందు

ధర్మపురి: బాలింతకు రొమ్ములో గడ్డ తగిలి నొప్పి పుడితే "పాలు చెడినయి, బిడ్డకు పట్టవద్దు" అనే మాట మన పల్లెల్లో ఇంకా వినిపిస్తున్నది. ఇది పొరపాటు. పాలు చెడవు. లోపల వాపు వచ్చి పాలదారి ఇరుకవుతుంది. ఉన్నట్టుండి పాలు మానిపిస్తే రొమ్ము మరింత బిగుసుకొని, చీము పట్టే ప్రమాదమున్నది.

బిడ్డ అడిగినప్పుడల్లా రెండువైపులా పట్టాలి. పట్టిన తర్వాత చల్లని తడిగుడ్డ వేస్తే వాపు తగ్గుతుంది. గడ్డను గట్టిగా పిసకరాదు. బిగుతు రవిక తొడగరాదు. రెండు రోజుల్లో తగ్గకున్నా, రొమ్ము ఎర్రబడినా, చలిజ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

అయితే బీడీలు చుట్టే తల్లికి తీరికేది? వెయ్యికి ఇంత అని కూలి. బిడ్డ ఏడ్చినా "ఈ కట్ట కానీ" అని ఆగుతుంది. పాలు అలా నిలిచిపోవడమే గడ్డకు ఒక కారణం. కనుక బాలింత చాటను ఇంట్లో మరొకరు అందుకోవాలి. తంబాకు చేతులు కడుక్కొని బిడ్డను ఎత్తుకునే వ్యవధి ఆమెకివ్వాలి. ఆశా కార్యకర్తలు ఈ సంగతి తల్లికే కాక అత్తకు, భర్తకు కూడా చెప్పవలసి ఉన్నది.