మునిగేవానికి నీళ్లు

పోయిన నెల మా అనంతపురం జిల్లా పామిడిలో ఒక పెళ్లిలో, పింఛను తీసుకునే మా మామ ఒకాయన పప్పన్నం కలుపుకుంటూనే తీర్పు చెప్పేశాడు: "కరోనాలో సర్కారు వ్యాపారస్తులకు లక్షల కోట్లు పంచింది. అయినా వీళ్ల ఏడుపు ఆగదు." బంతిలో పది తలలు ఊగాయి. వాటిలో ఒక్కటి కూడా కొట్టు నడిపిన తల కాదు. పెళ్లివారి మొహం చూసి ఆ పూట ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

పామిడి బట్టల ఊరు. పెన్నలో నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని చోట పైరుకన్నా కుట్టుమిషన్ నమ్మకం. తాన్లు అప్పు మీద దిగుతాయి. నైటీలు, లంగాలై మళ్లీ అప్పు మీదే ఊళ్లకు ఎక్కుతాయి. ఇంట్లో కూర్చుని కుట్టే ఆడవాళ్లకు మాత్రం కూలి అప్పు పెట్టడానికి లేదు, వారం తిరిగేసరికి చేతిలో పడాలి. ఇదంతా నిలబడేది రెండు మూడు నెలల సీజన్ మీద. 2020లో లాక్‌డౌన్ మొదటి రోజు మార్చి 25, సరిగ్గా ఉగాది. ఎండాకాలం పెళ్లిళ్లు పోయాయి, రంజాన్ పోయింది. మరుసటి ఏడు మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే రాష్ట్రమంతా కర్ఫ్యూ. మళ్లీ పెళ్లిళ్లు, మళ్లీ రంజాన్. ఈ షట్టర్లు బేరాల్లేక దిగలేదు మామా, లాఠీ చూపిస్తే దిగాయి.

ఇక ఆ లక్షల కోట్ల సంగతి. 2020 మే 12 రాత్రి ప్రధాని టీవీలో 20 లక్షల కోట్లన్నారు. అందులో దాదాపు 8 లక్షల కోట్లు రిజర్వు బ్యాంకు చేపట్టిన చర్యల లెక్క, అంటే బ్యాంకుల దగ్గర డబ్బు ఆడేలా చేసిన ఏర్పాటు. మరునాడు ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చిన్న పరిశ్రమలకు, వ్యాపారాలకు 3 లక్షల కోట్ల మేర హామీ లేని అప్పులన్నారు. హామీ లేకపోవడమేమిటి, ఉంది! సర్కారే నూటికి నూరు హామీ ఇచ్చింది, బ్యాంకుకు. కొట్టువాడు కట్టకపోతే మునిగేది బ్యాంకు కాకూడదని. కొట్టువాడు మాత్రం అసలూ వడ్డీ పైసాతో సహా కట్టాలి. ఇదా పంచడం?

ఆ అప్పయినా ఎవరికి? 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఎంత బాకీ ఉంటే అందులో ఐదో వంతు. బాకీ లేనివాడికి సున్నా. ఆ రోజుల్లో ఒక బంధువు వెంట నేనూ బ్యాంకు మెట్లెక్కాను. మాస్కు వెనక నుంచి ఒకటే ప్రశ్న: "పాత లోను ఉందా?" లేదు. "అయితే రాదు." నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకుని, ఎవరికీ ఎగ్గొట్టకుండా ఇరవై ఏళ్లు కొట్టు నడిపినవాడు సర్కారు కాగితాల్లో వ్యాపారస్తుడే కాదు! బయటికొచ్చాక ఆయన అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది: "లోను ఉండేవోనికి మాత్రం ఏమిస్తాండారప్పా? మునిగేవోనికి ఇంకో చెంబు నీళ్లు తాపిస్తాండారు."

పాత అప్పులకు ఆరు నెలలు కిస్తీలు కట్టకపోయినా పర్లేదన్నారు. వడ్డీ మీటరు తిరుగుతూనే ఉంది. వడ్డీ మీద వడ్డీ వెనక్కి రావడానికి సుప్రీంకోర్టు దాకా పోవాల్సొచ్చింది.

రాష్ట్రం 2020 జూన్‌లో 'చేదోడు' కింద దర్జీలకు, రజకులకు, నాయీబ్రాహ్మణులకు పదేసి వేలు వేసింది. అది అప్పు కాదు, ఒప్పుకుంటాను. కానీ అది కొట్టున్న దర్జీకి. ఇంట్లో ముక్కకింత అని కుట్టే ఆమెకు కొట్టెక్కడిది?

ఇలా అంటే "ఉచితాలకు అలవాటు పడ్డారు" అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2019 సెప్టెంబరులో, కరోనా పేరు కూడా పుట్టకముందే, కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22కు దించారు. ఏటా లక్షా 45 వేల కోట్లు పోతుందని చెప్పి మరీ దించారు. దాన్ని ఎవరూ ఉచితం అనలేదు, ప్రోత్సాహకం అన్నారు. పెద్దోడు తింటే ప్రసాదం, చిన్నోడు చెయ్యి చాపితే ముష్టి. మా జిల్లాలో వేరుశనగ ఎండిపోతే రైతుకు ఇన్‌పుట్ సబ్సిడీ ఇస్తారు. ఎంత తక్కువైనా, ఎంత ఆలస్యమైనా, దాన్ని తిరిగి కట్టమనరు. కరువు దేవుడు తెచ్చింది. మరి షట్టరు మూయించింది ఎవరు?

"అయితే ఏం చేయాల్సింది?" అంటారు. మూసిన నెలల అద్దె, పనివాళ్ల కూలి రొక్కంగా ఇవ్వాల్సింది. బ్రిటన్‌లో సర్కారు ఇంటి దగ్గర కూర్చున్న పనివాళ్ల జీతంలో 80 శాతం తానే భరించింది. మనది అంత ఉన్న దేశం కాదు, నిజమే, సగమే ఇవ్వమనండి. లెక్క ఎవరు తీస్తారంటారా? అప్పట్లో ఇంటింటికీ తిరిగి జ్వరాలు లెక్కపెట్టిన సర్కారు వలంటీర్లకు మూసిన షట్టర్లు లెక్కపెట్టడం కష్టమయ్యేదా? మిగతాది ఆఫీసర్లు చూసుకోవాలి, జీతాలు అందుకే.

జీతాలంటే గుర్తొచ్చింది. మామా, 2020 మార్చిలో ఉద్యోగులకు, పింఛనుదారులకు రాష్ట్రం సగం ఆపింది కదా. మీరు ఎంత గోల చేశారో నాకు గుర్తుంది, న్యాయమైన గోలే. హైకోర్టు 12 శాతం వడ్డీతో కట్టమంది, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని 6 శాతం చేసింది. ఆలస్యమైన డబ్బుకు సర్కారు మీకు వడ్డీ ఇవ్వాలని కోర్టులే చెప్పాయి. అదే సర్కారు కొట్టు మూయించిన మనిషి, 2020లోనే బ్యాంకులో తీసుకున్న కరోనా లోనుకు 9.25 శాతం దాకా తానే వడ్డీ కట్టాడు. గడువు నాలుగేళ్లు. జూన్‌లో తీసుకున్నవాడి ఆఖరి కిస్తీ 2024 జూన్‌లో.