చెక్కు మీద మన పేరే, అయినా మనం కాదంటారు

2018 మే నెలలో రైతుబంధు మొదటి విడత ఇచ్చినప్పుడు ఎకరాకు 4 వేల చొప్పున ఊర్లో టెంటు వేసి చెక్కులు పంచారు. చెక్కుతో పాటే కొత్త పాసుపుస్తకం. మా అమ్మకు ఎకరంన్నరకు 6 వేలు వచ్చాయి. రెండో రోజే బ్యాంకుకు తీసుకుపోయిన.

ఎండలో మూడు గంటలు లైన్ల నిలబడి కౌంటర్ కాడికి పోతే పేరు కలుస్తలేదన్నారు. భూమి అమ్మకు పుట్టింటోళ్లు ఇచ్చింది. పాసుపుస్తకంలో, చెక్కు మీద పుట్టింటి ఇంటిపేరు ఉంది. ఆధార్‌లో మా ఇంటిపేరు.

"ఫొటో చూడుండ్రి సారూ, రెండిట్ల మా అమ్మనే గదా" అన్న.

"ఫొటో కాదు, పేరు కావాలె" అన్నడు.

తహసీల్దారు ఆఫీసు నుంచి ఇద్దరూ ఒకరే అని కాగితం తెచ్చేసరికి నాలుగు తిరుగుళ్లు. విత్తనాల కోసం ఇచ్చిన పైసలు అవి. విత్తనాలేమో అప్పటికే షాపులో ఉద్దెరకు తెచ్చుకున్నం.

కౌంటర్‌లో ఉన్నాయనను పూర్తిగా తప్పుపట్టను. పేరు రాసి ఉన్న చెక్కుకు వేరే మనిషికి పైసలిస్తే అది ఆయన మెడకే చుట్టుకుంటుంది. నా కోపం పేరు రాసినోళ్ల మీద. పాసుపుస్తకం సర్కారుదే, ఆధార్ సర్కారుదే, చెక్కూ సర్కారుదే. వాళ్ల కాగితాలు ఒకదానితో ఒకటి కలవకపోతే డెబ్బై ఏళ్ల ముసలామె ఎందుకు తిరగాలె? (కౌలు రైతుకైతే ఆ తిరిగే అవసరం కూడా లేకుండె, అసలు చెక్కే రాలేదు.)

ఆ యాసంగికి ఎన్నికల సంఘం చెక్కులు వద్దనడంతో రైతుబంధు ఖాతాల్లో పడింది. కానీ కల్యాణలక్ష్మి చెక్కులు ఇంకా వస్తున్నాయి. వాటిలోనూ ఇదే గోస. అందుకే కొన్ని సంగతులు తెలిసి ఉండాలె.

చెక్కు మీద రెండు గీతలు గీసి 'అకౌంట్ పేయీ' అని ఉంటే చేతికి నగదు ఇవ్వరు, ఖాతాలోనే వేయాలి. ఖాతా తెరవడానికి ఆధార్ ఒక్కటే దిక్కు కాదు. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, అధికారి సంతకం ఉన్న ఉపాధి హామీ జాబ్ కార్డు కూడా రిజర్వు బ్యాంకు ఒప్పుకున్న పత్రాలే. మన పట్టా పాసుపుస్తకం మాత్రం ఆ జాబితాలో లేదు. భూమికి పనికొచ్చే పుస్తకం మనిషికి పనికిరాదట! పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ల పాత కార్డును, పెళ్లి సర్టిఫికెట్ జత చేస్తే ఒప్పుకోవాలి. ఏ కార్డూ లేనివాళ్లు బ్యాంకు అధికారి ముందు ఫొటో, వేలిముద్ర ఇచ్చి చిన్న ఖాతా తెరవొచ్చు. దాంట్ల నుంచి నెలకు 10 వేలకు మించి తీయలేరు.

చెక్కుకు ఆయుష్షు తేదీ నుంచి మూడు నెలలే. కాబట్టి "రేపు రా" అంటే ఊరుకోవద్దు, ఎందుకు ఆపారో రాసిమ్మని అడగాలి.

చెక్కులు అచ్చు వేయకముందే పేర్ల జాబితా పంచాయతీ ఆఫీసులో చదివి వినిపించాలని, తప్పులు అక్కడే దిద్దాలని మన సంఘం అడగాలి. పేరు తేడాతో చెక్కు ఆగినవాళ్లు వచ్చే మండల మీటింగుకు చెక్కు, ఆధార్ జిరాక్సులు పట్టుకొని రండి. అందరివి కలిపి కలెక్టరేట్‌లో ఇద్దాం.