పరాజయమును మూలధన మనువారికి

ఒక జట్టు ఏండ్ల తరబడి ఓడిపోవుచున్నప్పుడు దానిని చక్కదిద్ద నియుక్తుడైన జనరల్ మేనేజరునకు అమెరికా దేశపు క్రీడాపండితులు నేడు చెప్పు హితవు ఒక్కటే: ఉన్నదానిని సమూలముగ కూలద్రోయుము, పేరుగల ఆటగాండ్రను అమ్మివేయుము, రెండు మూడేండ్లు అట్టడుగున పడియుండుము, ఆ పరాజయములే నీకు మూలధన మగును. ఈ మాట పత్రికలలోను, టెలివిజను చర్చలలోను, తుదకు టిక్కెట్టు కొని మంచులో కూర్చుండి తమ జట్టు ఓటమిని కన్నులార చూచు అభిమానుల నోటను కూడ వేదవాక్యమువలె వినవచ్చుచున్నది. ఇది భ్రమ యనియు, నిరపాయమైన భ్రమ కూడ కాదనియు నా అభిప్రాయము.

నేను చెప్పుచున్నది ఫుట్‌బాల్‌ను గూర్చి; అయితే ఇది మన మెరిగిన కాలిబంతి కాదు. కోలగా నుండు బంతిని చేతబట్టి పరుగెత్తు అమెరికను క్రీడ. అందు మైదానమున ఆట నడపుట కోచ్ పని; ఎవనిని తేవలెను, ఎవనిని విడువవలెను, ఎవనికెంత జీతమీయవలెను అను నిర్ణయములు జనరల్ మేనేజరువి. 1994 నుండి, ఈ జట్లన్నియు ఆడు లీగు, జీతముల మొత్తమునకు పరిమితి విధించినది గనుక ఎంతటి శ్రీమంతుడైన యజమానియు ధనము గుమ్మరించి విజయమును కొనజాలడు. ఏటేట కాలేజీ ఆటగాండ్రను జట్లు పంచుకొను డ్రాఫ్టులో, వెనుకటి యేట అందరికంటె హీనముగ ఆడిన జట్టునకు తొలి ఎంపిక దక్కును. బలహీనుల నుద్ధరించుటకై ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్ ప్రతిపాదింపగా 1936లో మొదలైన ఈ యేర్పాటు కాలక్రమమున ఓటమికిచ్చు బహుమానమైనది. ఆ మొదటి డ్రాఫ్టులో సర్వప్రథముడుగా ఎంపికైన జే బెర్వాంగర్ ఈ లీగులో ఒక్క ఆటయు ఆడలేదను సంగతి మన పండితులకు స్ఫురించినట్లు లేదు.

పూర్వపక్షమునకు న్యాయము చేయవలెనన్నచో డల్లస్ కథను చెప్పవలెను, వారు తరచుగ చూపు దృష్టాంత మదియే గనుక. 1989లో డల్లస్ కౌబాయ్స్ తమ ప్రధానాకర్షణయైన హెర్షల్ వాకర్‌ను మిన్నెసోటాకు అమ్మివేసి, ఆ యేడు 16 ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచి, పిమ్మట 1992 నుండి 1995 వరకు గల నాలుగు సీజన్లలో, లీగు కడపటి పోరగు సూపర్ బౌల్‌ను మూడుమార్లు గెలుచుకొనిరి. నిజమే. కాని ఆ 15 ఓటములకు ప్రతిఫలముగ రావలసిన తొలి ఎంపిక వారికి రానేలేదు. దానిని ముందే స్టీవ్ వాల్ష్ అను వేరొక ఆటగానికై వ్యయపఱచుకొనియుండిరి. వాకర్‌ను అమ్మగా వచ్చిన ఎంపికను కొంత ముందునకు జరుపుకొని, 17వ స్థానమున వారు తెచ్చుకొన్న ఎమిట్ స్మిత్ ఆ జట్టును మోసెను. అనగా డల్లస్‌ను నిలిపినది బేరమునందలి నేర్పు, మనుష్యులను గుర్తించు చూపు, ఓటమి కాదు.

క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఈ సిద్ధాంతమును మఱింత నిష్ఠతో ఆచరించిరి. 2016, 2017 సంవత్సరములలో 32 ఆటలాడి ఒక్కటి గెలిచిరి. వరుసగా రెండుమార్లు తొలి ఎంపిక పొందిరి. ఎంపికలను రాశిగ పోసిన అధికారి ఆ రెండవ యేడు ముగియకమునుపే పదవి కోల్పోయెను. వారు తెచ్చిన మైల్స్ గారెట్ మహాయోధుడే, కాదనను. రెండవవాడైన, మైదానమున దాడిని నడపు క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్‌ను మాత్రము నాలుగేండ్లకే పంపివేసిరి.

ఇక డెట్రాయిట్ సంగతి చూతము. 2008లో లయన్స్ జట్టు 16 ఆటలలో 16 ఓడెను. బహుమానముగ లభించిన మాథ్యూ స్టాఫర్డ్ నిస్సంశయముగ ప్రతిభావంతుడు. అయినను అతడున్న 12 సీజన్లలో ఆ జట్టు, సీజను ముగిసిన పిమ్మట మేటి జట్లు ఆడుకొను ప్లేఆఫ్‌లలో ఒక్క ఆటనైనను గెలువలేదు. 2021 జనవరిలో బ్రాడ్ హోమ్స్ జనరల్ మేనేజరుగ వచ్చి స్టాఫర్డ్‌ను లాస్ ఏంజెలెస్ రామ్స్‌కు ఇచ్చివేసి, రెండు మొదటి రౌండు ఎంపికలను, ఒక మూడవ రౌండు ఎంపికను, వారి క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌ను గైకొనెను. కూల్చివేత మొదలైనదని పండితులు సంతసించిరి. గాఫ్‌ను ఎంపికలతోపాటు అంటగట్టబడిన జీతభారముగ మాత్రమే లెక్కించిరి. పాత యిల్లు విప్పునప్పుడు చెదపట్టని దూలములను ఏరి ప్రక్కన పెట్టించువాడే మేస్త్రి గాని, అన్నిటిని పొయ్యిలోనికి పంపువాడు కాడు. హోమ్స్ గాఫ్‌ను అట్టిపెట్టుకొనెను.

ఆ యేడు పది ఓటములు, ఒక సమఫలితము గడచిన పిమ్మట డిసెంబరు 5న గాని లయన్స్‌కు తొలి గెలుపు దక్కలేదు. చివరియాటలో గ్రీన్ బే చేతిలో ఓడియున్నచో డ్రాఫ్టులో తొలి ఎంపిక వారిదే అయియుండును. వారు 37-30తో గెలిచిరి. గ్రీన్ బే తన స్థానము భద్రము గనుక ప్రధానులకు విశ్రాంతి నిచ్చినదందురు, ఇచ్చినది, అయిననేమి? మన సిద్ధాంతుల గణితములో ఆ గెలుపు నష్టమే. తొలి ఎంపిక జాక్సన్‌విల్‌కు పోయెను. ఆ నష్టమునకు ఫలితముగ డెట్రాయిట్‌కు రెండవ స్థానమున దొరికినవాడు ఆ నగరమున్న మిషిగన్ రాష్ట్రపు బిడ్డడే యైన ఏడన్ హచిన్సన్! అంతకుముందటి యేడు 112వ స్థానమున తెచ్చుకొన్న ఏమన్-రా సెయింట్ బ్రౌన్ అప్పటికే జట్టునకు ఆధారమై యుండెను. మూడు నాలుగేండ్లకు మించి ఈ కఠినక్రీడలో నిలుచు నమ్మకము లేని యువకులు, ఏ ఫలమును లేని ఆటలో ఎముకలు విఱుగునట్లు పోరాడుచుండగా, వారిలో ఎవడు ఉంచదగినవాడో కనిపెట్టుటకంటె జనరల్ మేనేజరునకు వేఱు పరీక్ష కలదా? ఓడుటయే ధ్యేయమైన జట్టులో ఆ పరీక్షకే తావుండదు. మంచివాడును చెడ్డవాడును ఒకే తీరుగ కనబడుదురు.

2022లో మొదటి ఆరాటలలో ఐదు ఓడినప్పుడు హోమ్స్‌ను, కోచ్ డాన్ క్యాంబెల్‌ను తొలగింపుడని కేకలు పుట్టెను. యజమానురాలు షీలా ఫోర్డ్ హాంప్ బహిరంగముగ వారి పక్షమున నిలిచెను. పునర్నిర్మాణమును గూర్చిన చర్చలలో ఈ ధైర్యమును లెక్కించువారు అరుదు. ఆ సీజను 9-8గ ముగిసెను. కడపటి రాత్రి, ప్లేఆఫ్ ఆశ యంతకుముందే అడుగంటినదని తెలిసియు, లయన్స్ గ్రీన్ బేను దాని గడ్డమీదనే ఓడించిరి. మఱుసటి వసంతమున హోమ్స్ 12వ ఎంపికతో, బంతి పట్టి పరుగెత్తు రన్నింగ్ బ్యాక్ జమీర్ గిబ్స్‌ను తేగా, ఆ స్థానపు ఆటగానికి అంత విలువ కట్టుట అవివేకమని విశ్లేషకులు పెదవి విఱిచిరి. ఆ సీజనులో జట్టు 12 ఆటలు గెలిచి, 30 ఏండ్ల తరువాత తన డివిజనులో ప్రథమస్థానము పొంది, 2024 జనవరి 14న స్టాఫర్డ్ నడపిన రామ్స్‌నే 24-23తో ఓడించి, ప్లేఆఫ్ గెలుపు లేని 32 ఏండ్ల కఱవు తీర్చెను.

అంతమాత్రమున సర్వము సిద్ధించినదనను. 2024 సీజనులో 17 ఆటలలో 15 గెలిచిన ఆ జట్టే ప్లేఆఫ్ తొలి యాటలో సొంతగడ్డపై వాషింగ్టన్ చేతిలో భంగపడెను. కాని ఆ 15 గెలుపులను నడపిన క్వార్టర్‌బ్యాక్ ఏ తొలి ఎంపికతోను డెట్రాయిట్ తెచ్చుకొన్నవాడు కాడు; రామ్స్ వదలించుకొనిన గాఫే.