తెరచాప దీవులు – తృప్తి లెక్కలు

విత్తనాలు అమ్మేవాడు మొలిచిన గింజల్ని మాత్రమే చూపించి 'చూశారా, నూటికి నూరూ మొలిచాయి' అంటే మన రైతు నమ్మడు. తనే వంద గింజలు తడిగుడ్డలో కట్టి, ఎన్ని మొలిచాయో, ఎన్ని కుళ్ళాయో రెండూ చూసుకుంటాడు. పర్యాటకుల 'తృప్తి' గురించి లోకంలో వేస్తున్న లెక్కలు చదువుతుంటే నాకు ఆ విత్తనాల వ్యాపారే గుర్తుకొస్తున్నాడు.

తెరచాప పడవల మీద విహరించే దీవుల సంగతే తీసుకుందాం. మనకు తెరచాప పడవ అంటే ఒకప్పుడు గోదావరి మీద ధాన్యం మోసిన పడవ. పడమటి దేశాల వారికి అది సెలవుల సరదా. వారం రోజులకు పడవ అద్దెకు తీసుకుని, సరంగు లేకుండా తామే నడుపుకుంటూ, పూటకో దీవి చూస్తారు. ఇందుకు పేరుమోసిన చోటు కరిబియన్ సముద్రంలోని బ్రిటిష్ వర్జిన్ దీవులు. చిన్నా పెద్దా కలిపి దాదాపు 60. మొత్తం జనాభా మన ఒక మండలమంత. 1969లో అక్కడి టోర్టోలా దీవిలో 'మూరింగ్స్' అనే కంపెనీ కొద్ది పడవలతో ఈ వ్యాపారం మొదలుపెట్టింది.

అక్కడే ఎందుకంటే, గాలి. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, ఆ చోటు నింపడానికి ఉత్తరం నుంచి వచ్చే గాలి భూభ్రమణం వల్ల పక్కకు ఒరుగుతుంది. అవే వ్యాపార పవనాలు. క్లాసులో మార్కుల కోసం బట్టీపట్టిన ఈ ముక్కతో అక్కడ ఒక దేశం అన్నం తింటోంది! పైగా దీవులు రెండు వరసలుగా ఉండి మధ్యనున్న నీటిని పెద్ద అలల నుంచి కాస్తాయి. ఒక దీవి నుంచి చూస్తే ఇంకో దీవి కనిపిస్తుంది. కొత్తవాడు కూడా దారి తప్పడు.

కాని గాలి ఒక్కరి సొత్తు కాదు కదా. వెయ్యికి పైగా దీవులున్న క్రొయేషియా, గ్రీసు, సీషెల్స్, ఆస్ట్రేలియాలోని విట్‌సండే దీవులు అన్నీ పోటీకి దిగాయి. నీళ్ళు అన్నిచోట్లా నీలమే. పడవలూ ఇంచుమించు ఒకటే, చాలాచోట్ల కంపెనీ కూడా ఒకటే. ఇక తేడా ఎక్కడ? 'వచ్చినవాడి తృప్తి'లో అంటారు. అందుకే వెళ్ళేటప్పుడు చేతికో ప్రశ్నపత్రం ఇస్తారు.

రిచర్డ్ ఆలివర్ అనే ఆయన 1980లో ఒక మాట చెప్పాడు. తృప్తి అనేది దొరికినదాన్ని బట్టే ఉండదు, ఆశించినదానికీ దొరికినదానికీ మధ్యనున్న తేడాను బట్టి కూడా ఉంటుందని. చిత్రంగా అదే ఏడు రిచర్డ్ బట్లర్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు ఇంకో మాట చెప్పాడు. విహార స్థలానికి కూడా పుట్టుక, ఎదుగుదల, నిలిచిపోవడం ఉంటాయనీ, జాగ్రత్తపడకపోతే క్షీణిస్తుందనీ. ఈ రెంటినీ కలిపి చదివితే అసలు చిక్కు బయటపడుతుంది. ప్రచారం బొమ్మలో ఖాళీ రేవు, ఒకే ఒక్క పడవ. అది చూసి వచ్చినవాడికి మధ్యాహ్నం దాటేసరికి పడవ కట్టుకునే బోయా దొరకదు. తృప్తిపడ్డవాడు పదిమందికి చెప్పడం వల్లనే పదకొండోవాడికి తృప్తి లేకుండా పోతోంది. ఒక ఏడు మిరపకు ధర పలికితే మరుసటి ఏడు ఊరంతా మిరపే వేసి, ధర పడగొట్టుకోవడం మనం ఎరగనిదా? మా ఇంట్లో అయితే ఆ పాఠం ఒక్కసారితో ఎక్కలేదు.

ఈ ప్రశ్నపత్రంలో దోషం అక్కడే ఉంది. అది వచ్చినవాడినే అడుగుతుంది. విసిగిపోయి ఈసారి గ్రీసుకు వెళ్ళినవాడిని అడగదు. ఒడ్డున ఉన్నవాడిని అసలే అడగదు. 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుఫాను ఆ వర్జిన్ దీవుల మీద విరుచుకుపడింది. వందలాది అద్దె పడవలు ఒకదాని మీద ఒకటి పడి ముక్కలయ్యాయి. విహారికి ఇంకో సముద్రం ఉంది, అటు పోగలడు. పడవలు కడిగేవాడూ రేవులో హోటల్ నడిపేవాడూ ఎటు పోతారు? పోటీ పోటీ అంటాం గాని, అందులో ఓడితే కదలలేనివాళ్ళు వీళ్ళే.

అయితే జనాన్ని తగ్గించమంటావా, ఆ జనం పక్క దీవికి పోరూ? అని అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. కాని టోర్టోలాకు కొద్ది మైళ్ళలోనే అమెరికా పాలనలోని సెయింట్ జాన్ దీవి ఉంది. అందులో సగానికి పైగా 1956లో ఏర్పడిన జాతీయ వనమే. దాని తీరంలో చాలాచోట్ల ఇష్టం వచ్చినట్టు లంగరు వేయడం కుదరదు, కట్టి ఉంచిన బోయాలకే పడవ కట్టాలి, రాత్రి ఉంటే రుసుము చెల్లించాలి. అయినా జనం మానలేదు. స్పెయిన్ వారి బలియారిక్ దీవులలో 2018లో పొసిడోనియా అనే సముద్రపు గడ్డి మీద లంగరు వేయడం నిషేధించారు. లంగరు నాగలిలా ఆ గడ్డిని పెళ్ళగిస్తుంది. మన గడ్డిలా మళ్ళీ వానకు చిగురించే రకం కాదది, కోలుకోవడానికి ఏళ్ళకేళ్ళు పడుతుంది. నీటిని తేటగా ఉంచేది ఆ గడ్డే, ఆ తేట నీళ్ళ కోసమే కదా జనం వచ్చేది.

కనుక నా మటుకు నేను ఆ ప్రశ్నపత్రం మీద 'భోజనం ఎలా ఉంది, పడక ఎలా ఉంది' అన్న ప్రశ్నలు కొన్ని కొట్టేసి, 'నిన్న రాత్రి మీ పక్కన ఎన్ని పడవలున్నాయి? మీ లంగరు దేని మీద పడింది?' అని రాస్తాను. రెండో కాగితం ఒడ్డున పడవలు కడుగుతున్న మనిషి చేతికిస్తాను.